కంటి గొట్టం

ఎండలకు పేరుపడ్డ పల్నాడులో, మాచర్ల దాటాక, నాపరాళ్ల గనుల పక్కన అతిశీతల పదార్థ పరిశోధన సంస్థను ఎందుకు కట్టారని కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతుంటారు. చలి లేని ప్రాంతానికే చలి అవసరం ఎక్కువ గనుక, ప్రాంతీయ సమతౌల్యం దృష్ట్యా అని ఫైల్లో రాసి ఉంది. అది చదివాక ఎవరూ రెండో ప్రశ్న అడగరు.

ఆ సంస్థలో డాక్టర్ హైమవతి పనిచేస్తోంది. ఆమె జుట్టు నెరవడం అక్కడే మొదలైంది. ఒక యంత్రం కోసం అర్జీలు పెట్టీ పెట్టీ, చివరికి అది వచ్చేనాటికి ఆమెకు చత్వారం కూడా వచ్చింది. ఆ యంత్రం ఒక ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని. మామూలువాటిలో ఎలక్ట్రాన్లు తూటాల్లా దూసుకొచ్చి వస్తువును గుచ్చుకుంటాయి. ఇందులో అలా కాదు. మొదట వాటిని బాగా పరుగెత్తించి, తీరా వస్తువు ముందుకు వచ్చేసరికి దాదాపు నిలిపేస్తారు. అవి నిద్రపోతున్న పసిపిల్ల దుప్పటి సర్దినంత నెమ్మదిగా పై పొరను తాకి, వచ్చిన దారినే వెనక్కి మళ్లి, ఒక తెర మీద బొమ్మ గీస్తాయి. మూడు పరమాణువుల మందం మాత్రమే ఉండే పొరను చెడగొట్టకుండా చూడాలంటే అంత మర్యాద కావాలి మరి.

హైమవతి చూడాలనుకున్నది అలాంటి పొరనే. దాన్ని ద్రవ హీలియంతో చల్లబరుస్తూ పోతే, ఒకానొక చలి దగ్గర అందులోని ఎలక్ట్రాన్లు అల్లరి మానేసి వరసల్లో సర్దుకుంటాయని లెక్కలు చెబుతున్నాయి. ఆ సర్దుబాటు ఒక మూల మొదలై పొరంతా పాకుతుందా, లేక అన్నిచోట్లా ఒక్కసారే జరుగుతుందా? ఆమె తయారు చేసిన పొరలో దాన్ని కళ్లారా చూసినవాళ్లు లేరు. చూడాలని ఆమెకూ, ఆమె దగ్గర పరిశోధన చేస్తున్న ఏబెలుకూ ఉంది. సత్తెనపల్లిలో ఏబెలు బంధువులు "ఇంకా చదువుతున్నావా?" అని అడగడం మానేసి, "ఆరోగ్యం ఎట్టా ఉంటంది?" అని అడగడం మొదలుపెట్టి చాలాకాలమైంది.

ప్రారంభోత్సవానికి మంత్రిగారు వచ్చారు. రిబ్బన్ కత్తిరించారు. యంత్రం పక్కనే కొబ్బరికాయ కొట్టబోతే, ఆ అదురుకు లోపల అమరిక చెదురుతుందని హైమవతి చేతులు జోడించి ఆపింది. కాయ బయట మెట్ల మీద కొట్టారు. అక్కడిదాకా బాగానే జరిగింది. తరవాత మంత్రిగారు కండువా భుజం వెనక్కి వేసుకుని, కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, మనిషి ఎత్తును మించిన ఆ ఉక్కు యంత్రం చుట్టూ ఒకసారి తిరిగారు. రెండోసారి కూడా తిరిగారు.

"కన్ను యాడ బెట్టాలమ్మా?" అన్నారు.

"ఇందులో కన్ను పెట్టే చోటు ఉండదండి. బొమ్మ ఈ కంప్యూటర్లో వస్తుంది," అంది హైమవతి.

"టీవీలో సూసేదానికి ఈ ఎండన బడి ఇంత దూరం రావాల్నా? దీనికన్నా పెద్ద టీవీ మా ఇంట్లోనే ఉందిగా."

అందరూ నవ్వారు. సంస్థ డైరెక్టరు ఆచార్య త్రివిక్రమం మాత్రం నవ్వలేదు. మంత్రిగారు వెళ్తూ వెళ్తూ, "చలి చలి అన్నారు, చలి కూడా ఏం తెలియలేదే," అని ఇంకో మాట విసిరి కారెక్కారు. ఆ రాత్రి డైరెక్టరుగారు అన్నం తినలేదని వాళ్లింటి నుంచి కబురు వచ్చింది.

మర్నాడు సమావేశం పెట్టారు.

"సూక్ష్మదర్శిని అన్న పదాన్ని విడదీయండి హైమవతిగారూ," అన్నాడు డైరెక్టరు. "సూక్ష్మం, దర్శిని. సూక్ష్మం మన దగ్గర కావలసినంత ఉంది. దర్శిని ఏదీ? దర్శింపజేయని దర్శినిని ఈ సంస్థ ఏ ముఖం పెట్టుకుని ప్రజలకు అంకితం చేసింది?"

"సార్, ఎలక్ట్రాన్లు కంటికి కనబడవు. తెర మీద పడ్డాకే..."

"అవి కనబడకపోవడం వాటి లోపం కాదు. మన ఏర్పాటు లోపం."

అప్పుడు రిజిస్ట్రారు కోటిలింగం గొంతు సవరించుకున్నాడు. కోటిలింగం చెడ్డవాడు కాదు. నిబంధన అంటే ఆయనకు ప్రేమ, అంతే. కొందరు పాటలు కంఠస్థం చేసినట్టు ఆయన నిబంధనలు కంఠస్థం చేశాడు.

"కొనుగోలు నిబంధనావళి ప్రకారం, సూక్ష్మదర్శిని అనగా సూక్ష్మ వస్తువులను కంటితో చూచుటకు వీలు కల్పించు పరికరము. కన్ను పెట్టుటకు తావు లేనిచో సదరు యంత్రము సూక్ష్మదర్శిని కానేరదు. కానిచో, సూక్ష్మదర్శినుల నిర్వహణ పద్దు కింద దానికి హీలియం మంజూరు చేయుట సాధ్యపడదు," అని ఒక్క ఊపిరిలో అప్పజెప్పి, "ఏం చేయమంటారమ్మా, అట్లా ఉంది," అని బాధగా కూర్చున్నాడు.

హీలియం లేకపోతే చలి లేదు. చలి లేకపోతే ఆ యంత్రం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. పక్కన ఒక గొట్టం తగిలిస్తే పోయేదేముందిలే అనుకుంది హైమవతి. ఆ అనుకోవడమే కొంప ముంచింది.

యంత్రానికి చిల్లు పెట్టకుండా, బయటి చట్రానికి రెండు బిగింపులతో ఒక ఉక్కు గొట్టం తగిలించారు. డైరెక్టరు వంగి చూశాడు.

"చీకటి!" అన్నాడు. "మంత్రిగారికి చీకటి చూపిస్తామా?"

హైమవతికి అప్పుడు నిజంగానే ఒళ్లు మండింది. సాయంత్రం ఏబెలును వెంటబెట్టుకుని మాచర్ల బజారుకు వెళ్లి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో మట్టిగాజులు కొంది. గాజులమ్మే ఆవిడ "చెయ్యి ఇట్టా ఇయ్యమ్మా, తొడుగుతా," అంటే, "వద్దులే, పగలగొట్టడానికి," అంది. ఆవిడ గాజుల పెట్టె దగ్గరకు లాక్కుంది. అద్దాలు కోసే కొట్లో మూడు సన్నటి అద్దం బద్దలు కోయించారు. ఆరో తరగతిలో సైన్సు టీచరు చేయించిన పద్ధతిలోనే మూడు బద్దల్నీ కలిపి కట్టి, గొట్టంలో దూర్చి, చివర గాజుపెంకులు పోసి, వెనక చిన్న బల్బు పెట్టి, పెంకులు నెమ్మదిగా తిరగడానికి బొమ్మకారులోంచి తీసిన మోటారు బిగించారు.

"మేడం, ఇది మనం వెటకారానికి చేసినట్టు ఆయనకి తెలుస్తుందంటారా?" అన్నాడు ఏబెలు.

"తెలియాలనేగా చేశాం."

డైరెక్టరు వచ్చి కన్ను ఆనించాడు. లోపల ఆరు రేకుల పువ్వు ఒకటి విచ్చుకుని, కరిగి, నక్షత్రమైంది. నక్షత్రం కరిగి పన్నెండు రేకుల పువ్వయింది. ఆయన చాలాసేపు లేవలేదు. లేచేసరికి కళ్లు చెమర్చి ఉన్నాయి.

"ఇది చూశాక నాకు సంస్థ భవిష్యత్తు మీద నమ్మకం కలిగింది," అన్నాడు.

"అవి గాజుపెంకులండి. మాచర్ల బజార్లో కొన్నాం. ఈ గొట్టానికీ యంత్రానికీ ఏ సంబంధం లేదు," అంది హైమవతి స్పష్టంగా.

"సంబంధం లేకపోవడమేమిటి? బిగింపులు కనిపిస్తున్నాయిగా," అన్నాడు డైరెక్టరు. దానికి అక్షికటక విభాగం అని అప్పటికప్పుడే పేరు పెట్టాడు. తక్కిన ప్రపంచమంతా దాన్ని కంటి గొట్టం అనే పిలిచింది.

మంత్రిగారిని మళ్లీ పిలిచారు. ఈసారి చలి తెలియడానికి ఆ గదిలో నాలుగు ఏసీలు బిగించి, గుమ్మం దగ్గర శాలువాలు పెట్టారు. మంత్రిగారు శాలువా కప్పుకుని గొట్టంలోకి చూసి, "అబ్బో!" అన్నారు. "అణువులు ఇట్టా ఉంటయ్యా? ఎంత ముచ్చటగా ఉన్నయ్యో!"

"అవి గాజు ముక్కలండి," అంది హైమవతి. అబద్ధం ఆడకూడదని ఆమె పట్టుదల.

"గాజులో అణువులుండవా?"

"ఉంటాయండి."

"మరింకేందమ్మా!"

మంత్రిగారు శాలువా సర్దుకుని బయటికి నడిచారు.

ఇలాంటి వైజ్ఞానిక అద్భుతాన్ని నాలుగు గోడల మధ్య దాచడం ప్రజాధనానికి ద్రోహమని మంత్రిగారు బయట మైకులో అన్నారు. దాంతో దర్శన వేళలు పెట్టారు. ఏప్రిల్ నెల వచ్చింది. బయట రోడ్డు మీద తారు కరుగుతోంది. లోపల నాలుగు ఏసీలు. పల్నాడులో సైన్సు మీద అంత ఆసక్తి ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. జనం క్యారియర్లతో సహా దిగారు. దుమ్ము రాకూడదని చెప్పులు బయట విడవమన్నారు. తోపులాట లేకుండా ఇనుప కమ్మీలతో వరస కట్టారు. ముసలివాళ్లు గొట్టానికి దణ్ణం పెట్టి కదిలారు. చూసినవాళ్లు మళ్లీ వరస చివరికి వెళ్లి నిలబడ్డారు, చల్లగా ఉందని.

కమ్మీలకు అవతల, పరదా వెనక, హైమవతీ ఏబెలూ పొరను చల్లబరిచేవారు. చలి ఒక కొలిక్కి రావడానికే ఒక రోజు పట్టేది. వచ్చాక తెర మీద బొమ్మ కుదురుకునేలోపు ఏ బడి పిల్లలో బిలబిలమంటూ వచ్చేవారు. బొమ్మ అటూ ఇటూ వణికేది.

"మేడం, మళ్లీ ఊగుతాందండి," అనేవాడు ఏబెలు తల పట్టుకుని. "కూలికెళ్లే ఆడోళ్లు పాపం, కిందే కూసుని అన్నాలు తింటన్నారు. లెగమని ఎట్టా చెప్పేది?"

"చెప్పకు. ఈ ఎండలో ఎక్కడికి పోతారు?"

హైమవతి డైరెక్టరు దగ్గరకు వెళ్లి, అడుగుల అదురుకూ ఏసీల హోరుకూ ఒక్క బొమ్మ కూడా నిలవడం లేదని చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, అదురు తగ్గడానికి సందర్శకులు మునివేళ్ల మీద నడవవలెనని బోర్డు పెట్టించాడు. జనం మునివేళ్ల మీద నడుస్తూ, తూలి, కమ్మీల మీద పడ్డారు. ఇనుప కమ్మీల మోత దానికి తోడయింది.

తరవాత నిపుణుల సంఘం వచ్చింది. అధ్యక్షుడు చాలా దేశాలు తిరిగి వచ్చిన పెద్దమనిషి. గొట్టంలోకి చూసి, "షడ్భుజ సౌష్ఠవం నిర్దుష్టంగా ఉంది," అన్నాడు. "విభేదన సామర్థ్యం ప్రశంసనీయం. కాకపోతే ఎరుపు కొంచెం మోతాదు మించింది."

"గాజులమ్మే ఆవిడ దగ్గర ఎరుపే ఎక్కువ ఉన్నాయండి," అంది హైమవతి. ఆమె అప్పటికి విసుగు దాటి ఒక రకమైన ప్రశాంతతలోకి వెళ్లిపోయింది.

"ముడిపదార్థ సేకరణలో వైవిధ్యం అవసరమని రాసుకోండి," అన్నాడు అధ్యక్షుడు.

ఆ సంఘం నివేదిక ఫలితంగా సంస్థకు దర్శన శ్రేష్ఠత గుర్తింపు వచ్చింది. దాని వెంటే పనితీరు సమీక్ష వచ్చింది. సమీక్షలో కోటిలింగం నిలబడి, అక్షికటక విభాగాన్ని ఒక్క వేసవిలో జిల్లా జనాభాలో పెద్ద భాగం వినియోగించుకున్నదనీ, దానికి ఆనుకుని ఉన్న ఉక్కు సామగ్రి అదే కాలంలో ఒక్క చిత్రం కూడా ఇవ్వలేదనీ, పైగా వరస మలుపు తిరిగే చోట అడ్డంగా ఉన్నదనీ చదివాడు.

"ఉక్కు సామగ్రి ఏమిటండీ? సూక్ష్మదర్శిని అదే!" హైమవతి గొంతు పెరిగింది.

"కాదమ్మా," అన్నాడు కోటిలింగం, నొచ్చుకుంటూనే. "నిర్వచనం ప్రకారం, కంటితో చూచుటకు వీలు కల్పించు భాగమే సూక్ష్మదర్శిని. అది గొట్టం. మిగిలింది మిగిలిన సామగ్రే కదా."

తీర్మానం అయింది. ఉక్కు సామగ్రిని అనువైన మరొక చోటికి తరలించాలి. ఆ సాయంత్రం డైరెక్టరు హైమవతిని తన గదికి పిలిచి, కుర్చీ చూపించి, టీ తెప్పించాడు.

"అక్షికటక విభాగానికి అధిపతి కావాలి," అన్నాడు. "దాన్ని రూపకల్పన చేసింది మీరు. పదోన్నతి, ప్రత్యేక భవనం, వచ్చే ఏడాది రాజధానిలో రెండో గొట్టం. లేదంటే ఆ సామగ్రితో పాటు మీరూ వెళ్లాలి. బలవంతం లేదు."

ఆమె వెంటనే కాదనలేదు. పదోన్నతి కోసం ఆమె కూడా అందరిలాగే ఎదురుచూసింది. టీ చల్లారేదాకా ఆలోచించింది. గొట్టం ముందు కూర్చుని, జీవితమంతా గాజులు పగలగొడుతూ, ఎరుపు తగ్గించి నీలం పెంచుతూ ఉండే ఒక హైమవతి ఆమెకు కనిపించింది. ఆ హైమవతి బాగానే ఉంది. జరీచీర కట్టుకుని ఉంది. కానీ ఏదో అడిగి జవాబు వినకుండానే లేచి వచ్చేసినదానిలా మొహం పెట్టుకుని ఉంది.

"సామగ్రితో వెళ్తానండి," అంది.

సామగ్రికి దొరికిన చోటు గనుల అవతల ఉన్న పాత పంపుహౌసు. నీళ్లు ఎండిపోయి పంపు తీసేశాక అటు ఎవరూ పోవడం లేదు. నాపరాతి గుట్ట మీద, రాతినే చదును చేసి కట్టిన ఒంటి గది. పంపు కోసం వేసిన కరెంటు లైను మాత్రం ఇంకా ఉంది. యంత్రాన్ని ముక్కలుగా విప్పి, లారీలో చేర్చి, మళ్లీ బిగించారు. ఇక మిగిలిన చిక్కు హీలియం. సూక్ష్మదర్శిని కాని దానికి ఆ పద్దు వర్తించదు.

ఏబెలు మొహం వేలాడేసుకుని కోటిలింగం గదికి వెళ్లాడు. హైమవతి కూడా వెంట వెళ్లింది, ఆఖరి ప్రయత్నంగా. కోటిలింగం వాళ్లకు మంచినీళ్లిచ్చి, కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ నిబంధనావళి మొత్తం మనసులోనే తిరగేశాడు. ఉన్నట్టుండి కళ్లు తెరిచాడు.

"లోహ సామగ్రి నిల్వ నిబంధన ఒకటుందమ్మా. వినియోగంలో లేని ఉక్కు సామగ్రిని తుప్పు పట్టకుండా తేమ లేని చల్లని ప్రదేశమున భద్రపరచవలెను. దానికగు శీతల ద్రవ్యములను నిల్వ పద్దు నుండి మంజూరు చేయవచ్చును."

"ఎంత చల్లగా అని ఉందా సార్?" అన్నాడు ఏబెలు ఊపిరి బిగబట్టి.

"లేదు. చల్లని అనే ఉంది. ఎంత అన్నది భద్రపరచు అధికారి విచక్షణ."

"సున్నాకి రెండొందల అరవై డిగ్రీలు కింద అయితే?"

కోటిలింగం ఒక్క క్షణం ఆలోచించాడు. "తుప్పు పట్టదు కదా?"

"చచ్చినా పట్టదండి."

"అయితే నిబంధనకు అనుగుణంగానే ఉంది," అని సంతకం చేశాడు. ఆయన సంతోషం చూసి వాళ్లకే ఆశ్చర్యమేసింది.

పంపుహౌసులో మొదట యంత్రానికి రేకు చుట్టి, వేడిచేసి, లోపలి గాలీ తేమా తోడేశారు. ఆ పనికి కొన్ని వారాలు పట్టింది. బయట ఎండ, లోపల వేడి. ఏబెలు బనీనుతో పనిచేస్తూ, "మేడం, చలి మీద పరిశోధన అని మా వోళ్లకి ఎట్టా చెప్పేదండీ?" అని నవ్వేవాడు. ఆ తరవాత హీలియం వదిలారు. అడుగులు లేవు, ఏసీలు లేవు, కమ్మీలు లేవు. కింద భూమిలోకి పాతుకున్న రాయి. తెర మీద బొమ్మ గోడకు కొట్టిన మేకులా కదలకుండా నిలబడింది. హైమవతికి మొదట అనుమానం వచ్చి, యంత్రం ఆగిపోయిందేమోనని రెండుసార్లు చూసుకుంది.

ఒక మధ్యాహ్నం, భోజనాలు ముగించి కూర్చున్నప్పుడు, అది జరిగింది. బూడిదరంగులో ఉన్న పొరలో ఒక మూల, చిన్న మడత పక్కన, ఆవగింజంత నల్లటి మచ్చ పుట్టింది. అది కాసేపు అక్కడే తచ్చాడింది. తరవాత తడి బట్టకు అంటిన సిరాలా మెల్లగా పాకడం మొదలుపెట్టింది. ఒక గీత దగ్గర ఆగి, దాన్ని చుట్టి వచ్చి, అవతల కలిసి, మళ్లీ పాకింది. మూడు పరమాణువుల మందంలో, ఎవరూ చూడని ఆ చలిలో, ఎలక్ట్రాన్లు ఒకదాని పక్కన ఒకటి సర్దుకుని కూర్చుంటున్నాయి.

"మూల నుంచేనండి! మేడం, మూల నుంచే!" ఏబెలు లేచి నిలబడ్డాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. హైమవతి కళ్లజోడు తీసి తుడుచుకుంది. అది ఎందుకు మసకబారిందో ఆమెకు తెలుసు.

నిబంధన ప్రకారం, నిల్వ సామగ్రిని డైరెక్టరు అప్పుడప్పుడు తనిఖీ చేయాలి. అలా ఒకరోజు ఆచార్య త్రివిక్రమం గుట్ట ఎక్కి వచ్చాడు. చెమటతో తడిసి ముద్దయి ఉన్నాడు. అలవాటు కొద్దీ శాలువా తెచ్చుకున్నాడు. స్టూలు మీద కూర్చుని, తెర వైపు చూసి, "ఏమిటిది?" అన్నాడు.

హైమవతి రికార్డు చేసిన బొమ్మను మొదటి నుంచి నడిపించింది.

మచ్చ పుట్టింది. తచ్చాడింది. పాకింది. ఆయన ముందుకు వంగాడు.

"రంగులు లేవే," అన్నాడు మొదట.

"లేవండి."

"ఇది నిజంగా జరిగిందా?"

"జరిగిందండి. మూడుసార్లు చూశాం. ప్రతిసారీ ఆ మడత దగ్గరే మొదలవుతోంది."

డైరెక్టరు కాకముందు ఆయన కూడా ఎక్కడో ఒక ప్రయోగశాలలో ఏదో ఒక బొమ్మ కోసం కాచుకు కూర్చునే ఉంటాడు. ఆ సంగతి సంస్థలో ఎవరికీ గుర్తులేదు, బహుశా ఆయనకు కూడా.

"మడత దగ్గర పొర లాగినట్టుంటుంది. అందుకేనేమో," అన్నాడు ఉన్నట్టుండి, తనలో తను. హైమవతి, ఏబెలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన నోట అలాంటి మాట వినడం వాళ్లకు అదే మొదలు.

"మంత్రిగారికి చూపిద్దామా సార్?" అన్నాడు ఏబెలు ఉత్సాహం పట్టలేక.

"పిచ్చివాడా!" డైరెక్టరు అదిరిపడ్డాడు. "చూపిస్తే రేపు ఇక్కడ కూడా కమ్మీలు పాతాలి. పత్రం రాయండి, పైదేశాల పత్రికకు పంపండి. మనవాళ్లెవరూ చదవరు. భయం లేదు."

ఆయన జేబులో ఫోను మోగింది. కోటిలింగం. రాజధాని నుంచి ప్రతినిధి బృందం వచ్చి గొట్టం దగ్గర నిలబడి ఉన్నదనీ, శాలువాలు కప్పడానికి తమరు తక్షణం రావలెననీ ఫోనులోంచి వినబడుతూనే ఉంది.

డైరెక్టరు తెర మీంచి చూపు తిప్పలేదు.

"నేను ఉక్కు సామగ్రి తనిఖీలో ఉన్నాను," అన్నాడు గంభీరంగా. "తుప్పు విషయం నేను అనుకున్నదానికంటే తీవ్రంగా ఉన్నది. ప్రతి అంగుళమూ స్వయంగా పరిశీలించవలసి ఉన్నది. ఈ పూటకు రాజాలను. శాలువాలు మీరే కప్పండి."

ఫోను ఆపి జేబులో పెట్టుకుని, స్టూలు ఇంకాస్త ముందుకు జరుపుకున్నాడు.

"మళ్లీ మొదట్నుంచి వెయ్యి నాయనా," అన్నాడు.